కాయితం

కొన్నేళ్ల కింద బాన్సువాడ బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో, ఉగ్రవాద కేసు అరెస్టుల వార్త మీద మాట నడిచింది. నాలుగు మడిగెలున్న పెద్దాయన, ఊరందరికీ కాకా, తేల్చి చెప్పాడు. "బాంబులు పేలుతుంటే అనుమానం ఉన్నోన్ని పట్టుకోకుండ ఎట్ల సార్? లోపలేసి అడగాలె. తప్పు జెయ్యకుంటే ఇడుస్తరు. ఈనికేం సంబంధం లేదని సర్కారే రాసిస్తే ఇంకేం గావాలె?"

ఆయన భయం ఉత్తది కాదు. 2007 మే 18న హైదరాబాద్ మక్కా మసీదులో శుక్రవారం నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. ఆ వెనకే పోలీసు కాల్పుల్లో మరో అయిదుగురు. మూడు నెలలు దాటిందో లేదో, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్‌లలో పేలుళ్లు. చేసినవాళ్లను పట్టుకోవాల్సిందే. కానీ పట్టుకున్న మనిషిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుంచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతోంది. మసీదు పేలుడు తర్వాత పదుల మంది ముస్లిం యువకులను ఎత్తుకెళ్లారు. వాళ్లెక్కడున్నారో ఇంట్లోవాళ్లకు తెలీదు. మైనారిటీ కమిషన్ పంపిన న్యాయవాది రవిచందర్ జైల్లో వాళ్లను కలిసి, చిత్రహింసలు పెట్టారని నివేదిక ఇచ్చారు. తర్వాత కోర్టులు వదిలేశాయి. 2012 జనవరిలో ప్రభుత్వం 20 మందికి తలా 3 లక్షలు, 50 మందికి తలా 20 వేలు, దాంతోపాటు సత్ప్రవర్తన పత్రాలు ఇచ్చింది. మరుసటేడు హైకోర్టు ఆ పరిహారం జీవోనే కొట్టేసింది.

ఇదంతా చెబితే కాకా ఓపిగ్గా విన్నాడు. "పైసలు పోతే పోనియ్. కాయితం ఉన్నది గద సార్," అన్నాడు.

వారం తిరగలేదు, కాకా మూల మడిగె అద్దెకు కావాలని ఒకతను వచ్చాడు. హైదరాబాద్ మనిషి, అత్తగారిది ఇక్కడే, ఫోన్లు రిపేరు చేస్తాడు. అద్దె కుదిరింది. కాకా అడ్వాన్సు నోట్లు లెక్కపెడుతున్నాడు. అతను సంచిలోంచి లామినేషన్ చేయించిన కాగితం ఒకటి తీశాడు. అంతకుముందు ఎన్నాళ్లు జేబులో తిరిగిందో, నాలుగు మడతల గీతలు ప్లాస్టిక్ కింద అట్లనే ఉన్నాయి.

"రేపు ఎవరో చెప్తే ఇనేకంటె నేనే చెప్పుడు మంచిది కాకా. మసీదు కేసుల నన్ను గూడ తీస్కపోయిన్రు. నాకేం సంబంధం లేదని సర్కారు రాసిచ్చింది."

కాకా కళ్లద్దాలు పెట్టుకుని, పై అక్షరం నుంచి కింది ముద్ర దాకా చదివాడు. మళ్లీ చదివాడు. నోట్లు ఇంకోసారి లెక్కపెట్టి, మొత్తం అతని చేతిలోనే పెట్టేశాడు.

అతను ఒక్క మాటా అడగలేదు. కాగితాన్ని సంచిలో జాగ్రత్తగా పెట్టుకుని బస్టాండు వైపు నడిచాడు.

నాకు గొంతు పెగల్లేదు కాసేపు. "నువ్వు కావాలన్న కాయితమే గదా కాకా అది?" అన్నాను చివరికి.

"అది జూసినంకనే భయమైంది సార్. ఏం జెయ్యనోనికి సర్కారు అసొంటి కాయితం ఎందుకిస్తది?"