త్రిశంకు స్వర్గంలో ఐదొందలు

కువైట్ ఉద్యోగానికో, కెనడా కాగితాలకో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కావాల్సి వచ్చిందనుకోండి. ముద్దుగా పీసీసీ. పాస్‌పోర్ట్ సేవా పోర్టల్లో దరఖాస్తు నింపుతారు, ఐదు వందలు కడతారు. ఖాతాలోంచి డబ్బు పోయిందని ఫోను టంగుమంటుంది. పోర్టల్ మాత్రం మిమ్మల్ని ఎప్పుడూ చూడనట్టు ‘ఫీజు చెల్లించండి’ అనే అంటుంది. ఐదొందలు మీ దగ్గరా లేవు, వాళ్ల దగ్గరా లేవు. ఇలాంటి అవకాశాన్ని చాలామంది ఓపికపట్టి చేజార్చుకుంటారు. దాన్ని ఓ నెల రోజుల పండుగ చేసుకోవడం ఎలాగో చెబుతాను, రాసుకోండి.

అన్నిటికన్నా ముందు ముహూర్తం. ఆదివారం రాత్రి పదకొండున్నర దాటాక కూర్చోవడం శ్రేష్ఠం. అడగడానికి బ్యాంకులో మనిషి ఉండడు, ఇంట్లో లేచి ఉన్నవాళ్లకు మీమీద సానుభూతి ఉండదు. ఫోన్లో చార్జింగ్ నాలుగు శాతానికి దిగేదాకా ఆగండి. పది రోజుల షికారుకు తీసుకునే టూరిస్టు వీసాకైతే పీసీసీ ఇవ్వనే ఇవ్వరు. ఆ ముక్క కూడా డబ్బు కట్టాకే చదువుకోవడం మన ఆనవాయితీ. ఇక కట్టే పేజీలో ‘వెనక్కి నొక్కకండి, పేజీ మూయకండి’ అని ఉంటుంది. ‘పోస్టర్లు అంటించరాదు’ అన్న గోడ మీదే కదండీ పోస్టర్లన్నీ ఉండేది? నొక్కండి.

నొక్కితే ఏమవుతుందో తెలిస్తే ఆనందం రెట్టింపవుతుంది. మీ బ్యాంకూ పోర్టలూ ముఖాముఖి మాట్లాడుకోవు. మధ్యలో పేమెంట్ గేట్‌వే అని ఒక పెళ్లిళ్ల పేరయ్య ఉంటాడు. బ్యాంకు ‘ఇచ్చాం’ అని పేరయ్యతో అంటుంది. పేరయ్య ఆ కబురును చాలాచోట్ల మీ బ్రౌజర్ చేతికే ఇచ్చి పోర్టల్‌కు పంపుతాడు. అంటే కబురు మోసుకెళ్తున్నది మీరే, సరిగ్గా గుమ్మంలో తలుపేసింది కూడా మీరే. డబ్బు బయల్దేరింది, కబురు చేరలేదు. తర్వాత ఆ ముగ్గురూ తీరిగ్గా చిట్టాలు దగ్గర పెట్టుకుని సరిచూసుకుంటారు. ఆఫీసు భాషలో దాన్ని రీకన్సిలియేషన్ అంటారు గానీ, కిరాణా కొట్టాయన రాత్రిపూట షట్టర్ సగం దించి గల్లా లెక్క చూసుకోవడం లాంటిదే అది. ఆ లెక్కలో మీ ఐదొందలు బయటపడతాయి. అయితే దరఖాస్తుకు జమ, లేకపోతే ఖాతాకు వాపసు.

కానీ అందాకా ఆగేదెవరు? వెంటనే రెండోసారి కట్టండి. మూడోసారి ఇంకో యాప్‌లోంచి, నాలుగోసారి బావగారి కార్డుతో. ఒక్క ముడి నాలుగు ముళ్లయ్యాక ఏ ఐదొందలు ఏ రాత్రివో మీకే తెలియదు, ఇక వాళ్లకేం తెలుస్తుంది? పోర్టల్లో ‘ట్రాక్ పేమెంట్ స్టేటస్’ అని ఒక మీట కనిపిస్తుంది. పొరపాటున కూడా దాని జోలికి పోకండి. అది నొక్కితే మీరు కట్టింది ఏమైందో పోర్టలే వెతికి చెబుతుంది, ఒక్కోసారి గొడవ అక్కడికక్కడే తేలిపోతుంది. తేలిపోతే పొద్దున టీ కొట్టు దగ్గర చెప్పుకోడానికి ఏం మిగులుతుంది?

ఈలోగా బ్యాలెన్స్ చూసుకుంటూ ఉండండి. 2025 ఆగస్టు నుంచి ఒక్కో యూపీఐ యాప్‌లో రోజుకు 50 సార్లకు మించి చూడనివ్వడం లేదు. ఆ హద్దు గీయాల్సి వచ్చిందంటే మనకంటే ముందు ఎంతమంది ఈ తపస్సు చేశారో ఆలోచించండి. రెండు యాప్‌లు పెట్టుకుంటే వంద.

ఫిర్యాదు రాయడం ఒక కళ. యూపీఐలో కడితే 12 అంకెల సంఖ్య ఒకటి వస్తుంది. లావాదేవీని పట్టుకునే జుట్టు అదే. దానితోపాటు దరఖాస్తు సంఖ్య ఏఆర్‌ఎన్, తేదీ, సమయం, మొత్తం చెబితే అవతలివాళ్లు నాలుగు నిమిషాల్లో వెతికేస్తారు. అందుకని ఇవేవీ రాయకండి. ‘సార్ మనీ కట్ అయింది, ప్లీజ్ హెల్ప్’ అని తొమ్మిది ఆశ్చర్యార్థకాలతో పంపండి. స్క్రీన్‌షాట్ తప్పనిసరి. అందులో ఆ 12 అంకెలూ తెగిపోయి, పైన మీ మేనత్త పంపిన శుభోదయం మాత్రం స్పష్టంగా ఉండాలి.

స్వయంగా వెళ్లడమూ మంచిదే. నేనొకసారి వెళ్లాను, ఏ బ్యాంకన్నది ఇప్పుడెందుకు.

“డబ్బు మా దగ్గర లేదండీ, వెళ్లిపోయింది” అంది కౌంటర్లో ఆవిడ.

“ఎక్కడికి వెళ్లిందమ్మా?”

“అటు” అని కిటికీ వైపు చూపించింది. నేను నిజంగానే తల తిప్పి చూశాను. బయట కొబ్బరిబొండాల బండి ఉంది.

ఇక్కడొక్క నిమిషం వేళాకోళం పక్కనపెడతాను. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్లో వెతికి, మొదట దొరికినదానికి ఫోన్ చేయకండి. ‘ఈ యాప్ వేసుకోండి సార్, రీఫండ్ పంపిస్తాం’ అనేవాడు ఐదొందల దారిలోనే యాభై వేలూ పట్టుకుపోతాడు. పాస్‌పోర్ట్ సేవా వాళ్ల ఉచిత నంబర్ 1800-258-1800. మోసపోయామని తెలిసిన క్షణాన పట్టాల్సింది సైబర్ మోసాల నంబర్ 1930. సరే, మళ్లీ పాఠంలోకి వద్దాం.

రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఒక సర్క్యులర్ ఇచ్చింది. యూపీఐలోగానీ, ఆన్‌లైన్లో కార్డుతోగానీ కట్టినప్పుడు ఖాతాలో డబ్బు తగ్గి, పుచ్చుకునేవాళ్లకు ఆ కబురు అందకపోతే, కట్టిన రోజు కాక ఐదు రోజుల్లోపు దానంతటదే వెనక్కి రావాలి. ఆలస్యమైతే రోజుకు వంద రూపాయల చొప్పున బ్యాంకు ఇచ్చుకోవాలి, అదీ మీరు అడగకుండానే. ఈ సంగతి కౌంటర్ దగ్గర ఎత్తకండి, మేనేజరుగారి మనసు కష్టపెట్టిన వాళ్లవుతారు. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి నంబర్ తీసుకుంటే, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. కనుక నంబర్ తీసుకోకండి. నోటిమాటగా చెప్పి, ‘మనవాడే, చూస్తానన్నాడు’ అనుకుంటూ బస్సెక్కండి.

ఇంత శ్రద్ధగా పాడుచేసినా, ఐదో రోజు తెల్లవారుజామున మూడింటికి ఫోను టంగుమంటుంది. ఐదొందలు తిరిగొచ్చేశాయి. పక్కన పడుకున్నావిడ “ఏమిటండీ అది?” అంటుంది. డబ్బు వచ్చిందంటారు. “అయితే సర్టిఫికెట్?” అంటుంది. వాపసు వచ్చిందంటే కట్టనట్టే లెక్క, మళ్లీ కట్టాలి. లేచి కూర్చుని పోర్టల్ తెరుస్తారు. వెనక్కి నొక్కకండి అంటుంది పేజీ. ఫోన్లో చార్జింగ్ నాలుగు శాతం ఉంది. పరవాలేదు, కానివ్వండి.