డి వీసా సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: తగు ధనము గలిగి, ముట్టక, చదువ నేగువానికి దీర్ఘవాసము లభించును.

అవతారిక: ఉన్నత విద్యకై జర్మనీలో 90 రోజులకు మించి ఉండగోరే వాని అర్హతను ఈ సూత్రం నిర్దేశిస్తున్నది. 180 రోజుల్లో 90కి మించి ఉండనీయని సి వీసా విహారులది కనుక దానిని విడిచి, ఆ దేశపు నివాస చట్టం 6వ సెక్షను చెప్పే జాతీయ వీసాను, అనగా హైదరాబాదు కన్సల్టెన్సీలలో నిత్యం పారాయణకు నోచుకొనే డి వీసాను, మాత్రమే ఇక్కడ వ్యాఖ్యానిస్తున్నాము.

ప్రతిపదార్థం: చదువ నేగువానికి = విశ్వవిద్యాలయ ప్రవేశపత్రం గలవానికి (2022 నవంబరు నుంచి ఏపీఎస్ సర్టిఫికెట్, అనగా పట్టాలు నిజమైనవేనని పరిశీలించి ఇచ్చే పత్రం, కూడా గలవానికి అని అధ్యాహారం; మూలంలో లేని మాటను అన్వయం కోసం తెచ్చుకొనుట అధ్యాహారం); తగు ధనము = ఏడాదికి 11,904 యూరోలు; గలిగి = తన పేరనే బ్యాంకులో ఉంచి; ముట్టక = జర్మనీ చేరువరకు పైసా తీయక, చేరిన పిమ్మట నెలకు 992 యూరోలకు మించి తీయజాలక; దీర్ఘవాసము = కొద్ది నెలల ప్రవేశమును, ఆ లోపల నివాస అనుమతికి మరల దరఖాస్తు చేసుకొను హక్కును; లభించును = లభించవచ్చును.

తాత్పర్యం: డబ్బున్నదని నమ్మించిన వానికి, ఆ డబ్బు వాని చేతికి అందదని కూడా నమ్మకం కుదిరిన మీదట, దేశంలో అడుగిడనిత్తురని భావం.

విశేషాలు: ధనవంతుడూ నిర్ధనుడూ ఒకడే అగుటచే ఇక్కడ విరోధాభాసాలంకారం, పైకి విరోధంగా తోచి, బ్లాక్డ్ అకౌంటు అనే అర్థం తెలియగానే పరిహారమగుట దాని లక్షణం. నిండుగా కనిపించే బ్యాంకు స్టేట్‌మెంటే చాలునని కొందరందురు గాని అది పొసగదు. వారం రోజులకని చేబదులు తెచ్చి చూపే సొమ్ము సంగతి సూత్రకారునికి తెలియనిది కాదు. జర్మనీలో ఉన్న మేనమామ పూచీపత్రం చాలునన్న మతాంతరం 68వ సెక్షను ప్రకారం గ్రాహ్యమే. అయితే మేనల్లుని పోషణకు ప్రభుత్వం ఖర్చు పెట్టవలసి వస్తే ఐదేళ్లదాకా మామయ్యే చెల్లించవలెను గనుక, మేనరికం బలమెంతో ఈ సెక్షను దగ్గరే తేలుతుంది.

చేరిన పిమ్మటి స్థితిలో చక్రకదోషం కలదు. ఒకటి రెండవదానిని, అది మూడవదానిని ఆశ్రయించి, చివరిది మొదటిదానికే చేరుట చక్రకం. నెలసరి 992 యూరోలు కరెంటు ఖాతాలోనికే విడుదలగును. ఖాతా తెరువ పలు బ్యాంకులు చిరునామా నమోదుపత్రం అడుగును. ఇల్లు చేరిన రెండు వారాల్లో చేయించవలసిన ఆ నమోదుకు ఇంటి యజమాని ధ్రువపత్రం కావలెను. యజమాని మూడు నెలల అద్దెదాకా అడ్వాన్సు కోరును. ఆ అడ్వాన్సుకు డబ్బు బ్లాక్డ్ అకౌంటులో ఉన్నది. నైయాయికులు దోషమనే దీనిని కార్యాలయాలు పద్ధతి అందురు. ఇంటి నుంచి కొంత విడి డబ్బు తెచ్చుకొన్నవాడే దీనిని దాటును, కాని ఆ డబ్బు సూత్రంలో చెప్పబడలేదు.

తిరస్కృతుడు కారణాలు ఖండిస్తూ వ్రాసే పునఃపరిశీలన విన్నపం శాస్త్రరీత్యా పూర్వపక్షం వంటిది. 2025 జులై 1 నుంచి దానిని ఎత్తివేసినందున సిద్ధాంతం మాత్రమే మిగిలినది. ఇక గతి మరొక దరఖాస్తు, లేదా బెర్లిన్ పరిపాలనా న్యాయస్థానంలో దావా. ఈ రెండవది వేరొక టీకకు లక్ష్యం గనుక ఇక్కడ విడువబడినది.