పాలకొల్లు పక్కనే ఉండి

మాండలిన్ శ్రీనివాస్ కచేరీ ఒక్కటి కూడా నేను ఎదురుగా కూర్చుని వినలేదు. వీలు లేక కాదు. ఆయన పుట్టిన పాలకొల్లు మా ఊరికి కూతవేటు దూరం. నాకున్నది పొగరు, దానికి తోడు తెలియనితనం.

మా పెదనాన్న పెళ్ళి మేళాల్లో క్లారినెట్ వాయించేవారు. శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ గారిదీ క్లారినెట్టే కావడంతో ఆ కుర్రాడంటే ఈయనకి ప్రాణం. "ఒరేయ్, ఓసారి వచ్చి వినరా" అని బతిమాలేవారు. "సినిమా పాటల్లో టింగుటింగుమనే వాయిద్యం మీద త్యాగరాజ కీర్తనేంటి పెదనాన్నా" అనేసి, తలుపేసుకుని జాన్ మెక్లాఫ్లిన్ గిటారు క్యాసెట్లు పెట్టుకునేవాణ్ణి.

నా మాటకి ఆధారం ఉందనే నమ్మాను. మామూలు మాండలిన్‌కి ఎనిమిది తీగలు, జతలు జతలుగా. మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. రెండు తీగల్ని ఒకే తీరున లాగి, స్వరాన్ని ఊపే గమకం పలికించడం కష్టం. గమకం లేకపోతే తోడి రాగం ఎక్కడిది, భైరవి ఎక్కడిది? ఈ చిక్కు పాలకొల్లు పిల్లాడికీ తెలుసని, ఎప్పుడో దాటేశాడని నేను కనుక్కోలేదు. జతలు తీసేసి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టాడు. నాదం నిలిచింది. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. ఆయన పాడేవారు, శిష్యుడు విన్నది విన్నట్టు తీగ మీద పలికించేవాడు. అది గొంతులా పలికిందంటే అందుకే. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ నాటికి తొమ్మిదేళ్ళవాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1992లో బార్సిలోనా ఒలింపిక్స్ కళోత్సవం. ఊళ్ళు దాటి అంతదూరం వినిపించినవాడు పక్కూళ్ళో ఉన్న నాకు వినిపించలేదు.

తర్వాత 'రిమెంబర్ శక్తి' బృందం ఆల్బమ్ 'ది బిలీవర్' వచ్చింది, 2000లో. మెక్లాఫ్లిన్ కోసం కొన్నాను. జాకిర్ హుస్సేన్, సెల్వగణేశ్ పేర్ల పక్కన యు. శ్రీనివాస్ అని ఉంది. గిటారు వడివడిగా స్వరాలు విసిరితే మాండలిన్ అందుకుని, ఒక స్వరం మీద నిలిచి, పై స్వరానికి జారుతూ దారిలో రెండుసార్లు ఊగింది. రాదని నేను తేల్చేసిన గమకం అదే. పెదనాన్నకి వినిపించాను. కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "దొర పక్కన కూర్చుంటేగానీ నీ చెవికెక్కలేదన్నమాట" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అప్పుడైనా కచేరీకి పరిగెత్తానా? లేదు. మొదటిది తెలియక చేసిన తప్పు, ఇది తెలిసి చేసింది. నాకంటే చిన్నవాడు, ఎప్పుడైనా వినొచ్చులే అని పనులు చూసుకున్నాను. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు.

ఇవాళ సంగీత సభలో మాండలిన్ కనబడితే నాలా నొసలు చిట్లించేవాళ్ళు లేరు. ఆ పీట ఆయన వేసిందే. తమ్ముడు యు. రాజేశ్, శిష్యులు వాయిస్తున్నారు. వాళ్ళలో ఎవరు మా గోదావరి జిల్లాలకి వస్తున్నారని తెలిసినా ఇప్పుడు వాయిదా వెయ్యడం లేదు.