అడిగి నడిచినవాడికి దారి లేదు

పరుల నేల మీదుగా తన స్థలానికి రాకపోకలు సాగించే అధికారాన్ని న్యాయశాస్త్రం ఈజ్‌మెంటు హక్కు అంటుంది. నేల ఒకరిది, నడక మరొకరిది అన్నమాట. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం హక్కు పొందే స్థలాన్ని యజమాని స్థానంలోనూ, దారి విడిచే స్థలాన్ని సేవకుని స్థానంలోనూ నిలబెట్టింది. పక్కింటివాడిని కాకపోయినా కనీసం అతని నేలనైనా సేవకునిగా చూసుకోవచ్చునన్న ఈ ఏర్పాటు మొదట మద్రాసు రాజధాని వంటి కొద్ది ప్రాంతాలకే వర్తించిందంటే, కోస్తా, రాయలసీమ జిల్లాల గట్టు తగవులకు ఎంత ఘనమైన వంశచరిత్ర ఉన్నదో ఊహించవచ్చు.

ఈ చట్టంలో వినయానికి మాత్రం చోటు లేదు. ఒక దారిని 20 ఏళ్ళపాటు బహిరంగంగా, శాంతియుతంగా, అంతరాయం లేకుండా, హక్కుగా భావించి వాడుకున్నవాడికి అది హక్కుగా స్థిరపడుతుంది. ప్రభుత్వ భూమి అయితే ఆ గడువు 30 ఏళ్ళు. ఇందులో కీలకం 'హక్కుగా' అన్న మాట. పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని "బాబాయ్, మీ గట్టు మీదుగా పోనా?" అని ప్రతి ఏడూ అడిగి నడిచినవాడు అనుమతితో నడిచినవాడే కనుక, 20 ఏళ్ళు కాదు, 40 ఏళ్ళు నడిచినా అతని చేతికి చిక్కేది గడ్డి మోపే. పలకరింపైనా లేకుండా తన తాత గట్టు అన్నట్టు నడిచిపోయినవాడు మాత్రం హక్కుదారు అవుతాడు. ఈ రహస్యం తెలిసిన భూస్వామి పొరుగువాడిని పొరపాటున కూడా కసరుకోడు. "వెళ్ళరా అబ్బాయ్, దానికి అడగాలా ఏంటి" అని నవ్వుతూ అంటాడు. చూసేవారికి అది మంచితనంగా కనిపిస్తుంది గాని, ఆ ఒక్క మాటతో ఎదుటివాడి నడక అనుమతి ఖాతాలో జమ పడుతుంది.

దారికి అడ్డంగా ముళ్ళకంప వేసినంత మాత్రాన అంతరాయం కలిగినట్టు కాదు. అడ్డు సంగతీ, అది వేసినవారెవరో తెలిసి కూడా నడిచేవాడు ఏడాదిపాటు ఊరుకుంటేనే చట్టం దృష్టిలో 20 ఏళ్ళ లెక్క తెగుతుంది. అందుకే కంప రాత్రి పడుతుంది, తెల్లవారేసరికి లేస్తుంది. ఊరివారు కక్ష అనుకునే ఈ కసరత్తు నిజానికి కాలగణన.

పట్టణాలలో గట్టు స్థానాన్ని గేటు ఆక్రమించింది. గేటు ముందరి రోడ్డు పురపాలక సంఘానిదే అయినా, ఇంటి వెడల్పు మేరకు అది ఇంటికి కట్నంగా వచ్చిందన్న నమ్మకం బలంగా ఉంది. ఆ నమ్మకానికి దస్తావేజులు రెండు: ఒకటి సిమెంటు నింపి నిలబెట్టిన పెయింటు డబ్బా, రెండోది "వాహనము నిలిపినచో టైర్లలో గాలి తీయబడును" అన్న గేటు మీది శాసనం. అపార్ట్‌మెంట్లలో స్టిల్టు పార్కింగ్, అంటే స్తంభాల నడుమ కార్లకు వదిలిన కింది అంతస్తు, ఫ్లాట్ల యజమానుల ఉమ్మడి జాగా అనీ, బిల్డరు దానిని విడిగా అమ్మరాదనీ ముంబయి వ్యాజ్యం ఒకదానిలో సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. స్తంభాల మీద పెయింటు చేసిన ఫ్లాటు నంబర్లకు ఆ తీర్పు నకలు ఇంకా అందలేదు.

తగవు న్యాయస్థానానికి చేరితే, సందు వెడల్పు కొలిచి నివేదిక ఇవ్వడానికి కోర్టు నియమించే న్యాయవాది అయిన అడ్వకేట్ కమిషనర్ టేపుతో దిగుతాడు. ఆ ఒక్క పూట సందు ఖాళీగా, ముగ్గు వేసుకునేంత శుభ్రంగా కనిపిస్తుంది. ఇరుపక్షాల కార్లూ వీధి చివర, ఈ వ్యాజ్యంతో ఏ సంబంధమూ లేని మూడోవారి గేటు ముందు నిలిపి ఉంటాయి.