కుక్కకు కొలత, మనిషికి దండ

యూరపు వాళ్లకి బొత్తిగా పనీపాటా లేదు. కుక్క ఎక్కే పలకకి కూడా నిబంధనలు రాసుకు కూర్చున్నారు. దాని ఎత్తు 120 సెంటీమీటర్లకి తగ్గకూడదట, 130కి మించకూడదట. ఎక్కే పలక పొడవు 360 నుంచి 380 దాకా ఉండాలట. కాలు జారకుండా పైన గరుకు పూత. దిగేచోట చివరి 90 సెంటీమీటర్లకి వేరే రంగు. ఆ రంగు మీద కాలు పెట్టకుండా గెంతిన కుక్కకి అయిదు తప్పులు వేస్తారు. ఎందుకయ్యా అంటే, పైనుంచి గెంతితే దాని కీళ్లు దెబ్బతింటాయట!

ఈ పలక ఉండే ఆట పేరు డాగ్ అజిలిటీ. 1978లో లండన్‌లో, క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో జనానికి పొద్దుపోవడానికి మొదలెట్టారు. అడ్డకర్రలు దూకాలి, గొట్టంలో దూరి రావాలి, పన్నెండు గుంజల మధ్య మెలికలు తిరగాలి, సీ-సా ఎక్కి దిగాలి. యజమాని దాన్ని తాకకూడదు. గొలుసుండదు, చేతిలో బిస్కెట్టు ముక్కా ఉండదు. గొంతుతో, చేతి సైగతో నడిపించుకోవాలి.

అక్కడితో ఆగారా? చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లూ పోటీపడాలని పారా అజిలిటీ వరల్డ్ కప్ పెట్టుకున్నారు. కుర్చీలో మనిషి కుక్క వెంట పరిగెత్తలేడు గనక దూరం నుంచే మాట అందుకోవడం దానికి నేర్పుతారు. కుర్చీ ఎటు తిరిగితే అటు మలుపు తీసుకుంటుంది. చక్రం ఎక్కడ దాని దారికి అడ్డొస్తుందో మనిషి ముందే చూసుకుంటాడు. ఆ తర్వాత స్టాప్‌వాచీదే మాట. కర్ర పడితే తప్పు పడుతుంది. జడ్జి కన్నీళ్లు పెట్టుకోడు, శాలువా కప్పడు.

మనమేం తీసిపోయాం? కృష్ణా డెల్టాలో ఈ ఆట ఎప్పణ్ణుంచో ఉంది. కాకపోతే మన దగ్గర అడ్డంకులు మనిషికి, జడ్జి హోదా కుక్కకి.

కూచిపూడి సంగతే చూడండి. సిద్ధేంద్రయోగి పేరు చెప్పుకునే ఊరు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం ఆడే ఊరు. ఆ అంచు మీద కాలు నిలపాలంటే ఏళ్ల సాధన కావాలి. సరే, నర్తకుడికి కావాలి. దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకొచ్చే మనిషికి కూడా అంత సాధన ఉండాలని ఎవరు నిర్ణయించారో!

మొదటి అడ్డంకి పామర్రు నుంచి చల్లపల్లి వెళ్లే పల్లెవెలుగు. మెట్టు మోకాలెత్తు. కుర్చీని ఒకరు, మనిషిని ఇద్దరు ఎత్తాలి. "జరగండమ్మా, కాస్త జరగండి" అని కండక్టరే నాలుగు కేకలేస్తాడు. జనం మంచివాళ్లే. మన ప్రభుత్వాలు దశాబ్దాలుగా నమ్ముకున్న మౌలిక సదుపాయం ఆ మంచితనమొక్కటే. రెండో అడ్డంకి మురుక్కాలవ మీద పరిచిన బండ. ఒక పక్క చక్రం మోపితే రెండో పక్క లేస్తుంది. సీ-సాకి విడిగా టెండరు పిలవక్కర్లేదు.

మూడోది ర్యాంపు. ఏ ఆఫీసుదని అడక్కండి, మీ ఊళ్లోది చూసుకోండి చాలు. మొదట్లో రెండు మోటారు సైకిళ్లు స్టాండేసి ఉంటాయి. పైన నున్నటి టైల్స్, వానపడితే మామూలు మనిషే జారతాడు. చివర జానెడు గడప. దాన్నీ దాటి లోపలికెళ్తే అటెండరు ఎంతో ఆప్యాయంగా అంటాడు: "మీరెందుకండీ శ్రమపడ్డారు, ఇంట్లో ఎవర్నన్నా పంపితే పోయేదిగా?"

"ఈకేవైసీకి వేలిముద్ర నాదే కావాలన్నారు కదయ్యా!"

ఇక లెక్క. ప్రమాణం ప్రకారం అడుగు ఎత్తుకి పన్నెండడుగుల వాలు ఉండాలి. మూడడుగుల అరుగు ఎక్కాలంటే ముప్ఫయ్యారడుగుల ర్యాంపు కట్టాలి. మనవాళ్లు తొమ్మిదీ పదీ అడుగుల్లో తేల్చేస్తారు. అంటే అడుగుకి మూడడుగులు. మొదట చెప్పిన కుక్కపలక కొలతలు మళ్లీ చూడండి: దాని వాలూ ఇంచుమించు అంతే! మన ఇంజినీర్లు అంతర్జాతీయ ప్రమాణాలు పాటించరని ఇకమీదట ఎవరూ నోరు జారకండి. పాటించారు, కుక్కల పుస్తకంలోవి. గరుకు పూత పేజీ ఒక్కటే చదవలేదు.

చట్టం లేదా అంటే, నిక్షేపంలా ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. జనం వాడే పాత భవనాలన్నిటినీ అయిదేళ్లలో సరిచెయ్యమంది. ఆ గడువు 2022 జూన్‌లో ప్రశాంతంగా కన్నుమూసింది. దినం కూడా ఎవరూ చెయ్యలేదు. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, సలహాల్లా రాస్తే కుదరదు, తప్పనిసరి ప్రమాణాలు మూడు నెలల్లో తెమ్మని కేంద్రానికి చెప్పింది. మరుసటి ఏడు మన రాష్ట్రంలో జోరుగా జరిగిందేమిటయ్యా అంటే వికలాంగుల పింఛన్ల పునఃపరిశీలన. ర్యాంపు వాలు కొలవడానికి తీరిక దొరకలేదు గానీ, పోయిన కాలు తిరిగి మొలిచిందేమో చూడటానికి దొరికింది.

మన ఆటకి జడ్జి అయిన కుక్కగారి సంగతి చెప్పలేదు కదూ. 2022 మేలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియం నుంచి క్రీడాకారుల్ని రాత్రి ఏడింటికల్లా పంపేస్తున్నారని, ఆ తర్వాత ఒక ఐఏఎస్ అధికారి తన కుక్కతో అక్కడ షికారు చేస్తున్నారని పత్రికలో వచ్చింది. ఆ సాయంత్రమే ఆయన్ని లద్దాఖ్‌కి, ఆయన శ్రీమతిని అరుణాచల్‌కి బదిలీ చేశారు. ఇక 2025 అక్టోబరులో అదే ఢిల్లీలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ జరుగుతుంటే, నెహ్రూ స్టేడియంలో వీధికుక్కలు కెన్యా కోచ్‌నీ జపాన్ కోచ్‌నీ కరిచాయి. విదేశాల్లో పారా క్రీడాకారుడు కుక్కతో కలిసి పోటీకి దిగుతాడు. మన దగ్గర కుక్కే నేరుగా పోటీకి దిగింది. దాన్ననుకుని లాభంలేదు, దానికి శిక్షణ ఇచ్చిందెవరు?

ఇన్ని దాటి ఎవరైనా పతకం తెస్తే మాత్రం మన చెయ్యి ధారాళం. వరంగల్ దగ్గర కల్లెడ అమ్మాయి దీప్తి జీవంజిని చిన్నప్పుడు ఊళ్లో వెక్కిరించారు. 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చాక కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటిస్థలం ప్రకటించారు. ఇవ్వాల్సిందే, ఇంకా ఇవ్వాలి. అయితే మన పద్ధతిలో మనిషి ముందు పారిస్ వెళ్లి గెలిచి రావాలి, ఆ తర్వాతే ఊళ్లో మనిషవుతాడు.

'మయూరి' సినిమాలో సుధాచంద్రన్ జైపూర్ కాలుతో నాట్యం చేస్తే హాలుహాలంతా కళ్లు తుడుచుకున్న జాతి మనది. ఆ హాళ్లలో చక్రాల కుర్చీ పట్టే చోటు ఎన్నిట్లో ఉండేదో తుడుచుకున్నవాళ్లే చెప్పాలి. ఏటా డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవమని వేదిక కడతాం, పైన పెద్దలు కూర్చుంటారు. సన్మానం అందుకునేవాడు కింద ఉంటాడు, ఎక్కడానికి మెట్లు తప్ప మరేం లేవు గనక. దండ పైనుంచి కిందకి దిగుతుంది. ఫోటోలో మెట్లు పడకుండా చూసుకుంటారు.

అందుకని చదువరులకో మనవి. ఈ డిసెంబరు 3న శాలువా కొనకండి, ఆ డబ్బుతో కొలతల టేపు కొనండి. మీ ఊరి సచివాలయం, బడి, బ్యాంకు, ఆసుపత్రి ముందు ర్యాంపు కొలవండి. తక్కువుంటే ఆ లెక్క కాగితం మీద రాసి కలెక్టరు గారి గ్రీవెన్స్‌లో ఇచ్చి రసీదు తీసుకోండి. కుర్చీలో ఉన్న మనిషికి మన చప్పట్లు అక్కర్లేదు. అడుగుకి పన్నెండడుగులు కావాలి, అంతే.