పదికి లోపైతే దొర

దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని పెద్దవాళ్లు అనేసి ఊరుకున్నారు. ఎంతవరకు దొర, ఎక్కణ్ణుంచి దొంగ అన్న లెక్క తేల్చినవాళ్లు యూజీసీ వారు. 2018 నాటి నిబంధనల ప్రకారం థీసిస్‌లో పోలికలు 10 శాతం దాకా ఉంటే ఏ శిక్షా లేదు. 40 దాకా ఉంటే ఆర్నెల్లలోగా సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. పాలల్లో నీళ్లకు కూడా మన దగ్గర ఇంత వివరమైన శ్లాబులు లేవు.

ఆ మరుసటేడు చివర్లో పీహెచ్‌డీ పిల్లలకు పరిశోధన నైతికత మీద 2 క్రెడిట్ల కోర్సు తప్పనిసరి చేశారు. 30 గంటల నీతి. అంతా విన్నాక కెమిస్ట్రీ కుర్రాడు అడిగేది ఒక్కటే. "సార్, ఎంతకి దింపాలి?" సారు చెప్తారు, కుర్రాడు జిరాక్సు షాపుకి వెళ్తాడు. "అన్నా, ముప్పై రెండు చూపిస్తోంది." "రేపు సాయంత్రం రా తమ్ముడూ, ఎనిమిదికి తెచ్చేద్దాం." నీతి కూడా డెలివరీ టైము చెప్పి మరీ అందుతోంది.

ఇక్కడో చిక్కుంది. పోలికలు పట్టే సాఫ్ట్‌వేరు వాక్యాలు చదువుతుంది కానీ బ్యూరెట్ చదవదు. ఏలూరు, తాడేపల్లిగూడెం చుట్టుపక్కల కెమిస్ట్రీ ప్రాజెక్టంటే చేతికి అందే చెరువు కొల్లేరే. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ మంచినీటి సరస్సు, బుడమేరు తమ్మిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు సముద్రానికి తీసుకుపోతుంది, 1999లో అభయారణ్యం, 2002లో రామ్‌సర్ గుర్తింపు. ఈ నాలుగు ముక్కలూ ఎవరు రాసినా ఇలాగే రాయాలి, బుడమేరును వేరేలా పారించలేం కదా. సాఫ్ట్‌వేరు సరిగ్గా అక్కడే ఎర్ర రంగు పూస్తుంది. పాపం ఆ పేరాని పిల్లాడు తలకిందులు చేసి, తెలిసిన ఇంగ్లీషు కూడా మరిచిపోతాడు. హాస్టల్ మంచం మీద కూర్చుని పుట్టించిన మూడో టేబుల్ మాత్రం మచ్చ లేకుండా బయటికొస్తుంది. ఆ అంకెలు ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా లేవు మరి. లేనిది కల్పించినవాడికంటే ఒరిజినల్ ఎవడుంటాడు?

నీళ్లలో కరిగిన ఆక్సిజన్ (డీవో) సంగతే చూడండి. ఏలూరు-కైకలూరు బస్సెక్కి ఆటపాకలో దిగాలి. సీసాలో బుడగ మిగలకుండా నీళ్లు పట్టాలి. గట్టు మీదే మాంగనీస్ సల్ఫేటు, క్షారంలో కలిపిన అయొడైడు వేసి మూత బిగించాలి. గోధుమరంగు మడ్డి దిగాక తెచ్చి, ల్యాబులో యాసిడ్ వేసి, స్టార్చి నీలం చటుక్కున మాయమయ్యేదాకా హైపో జారవిడవాలి. ఇందులో సగం ఎండలో జరిగే పని. పెప్సీ సీసాలో నీళ్లు పట్టి బస్సులో తెచ్చి మర్నాడు తీరిగ్గా చూస్తే వచ్చేది కొల్లేరు ఆక్సిజన్ కాదు, బస్సు ఆక్సిజన్. సీసా కూడా దండగనుకునేవాళ్లు సీనియర్ రిపోర్టు తీసి, రెండో దశాంశం మార్చి ముగిస్తారు.

అదే గట్టు మీద ఇంటర్ కూడా దాటని చేపల రైతు ఉంటాడు. తెల్లారుజామున డీవో పడిపోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయని తెలుసు, పరుగెత్తి ఏరియేటర్లు వేస్తాడు. అంకె కల్పిస్తే పొద్దున్నకి చెరువంతా తెల్లగా తేలుతుంది. అతనికి 2 క్రెడిట్లు ఎవరూ ఇవ్వలేదు.

నిజానికి దొంగ లెక్కని పట్టడానికి కెమిస్ట్రీ చాలు. మండువేసవిలో ఉప్పుటేరు మీదుగా సముద్రపు నీరు ఎదురెక్కుతుంది, క్లోరైడు పెరగాలి. మే నెలకీ సెప్టెంబరుకీ ఒకే క్లోరైడు రాసినవాడు కొల్లేరు ముఖం చూడలేదన్నమాట. ధనాయాన్లు, రుణాయాన్లు తుల్యాంకాల్లో కూడితే దాదాపు సరితూగాలి. ఈ కూడికకి లైసెన్సు ఫీజు లేదు. ఎవరు కూడుతున్నారు?

ఈ విద్య పీహెచ్‌డీలో పుట్టింది కాదులెండి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో "ఒరేయ్, వాల్యూ ఎంతొచ్చింది?" దగ్గర అక్షరాభ్యాసమైంది. నిజంగా వచ్చిన 9.8కి మార్కులు కోసి, పక్కవాడి 10.2కి ఫుల్ మార్కులు వేసింది మనమే.

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు కెమిస్ట్రీ ఆచార్యుడి ఉదంతం 2008లో ప్రపంచానికి తెలిసింది. 2004-07 మధ్య పాతిక పత్రికల్లో వచ్చిన దాదాపు 70 పేపర్ల మీద కాపీ, కల్పిత డేటా ఆరోపణలు. కూపీ లాగింది పేపరు చదివిన మనుషులు. చదవడం అప్పటికింకా వాడుకలో ఉండేది.

2020 డిసెంబరులో ఏలూరులో 600 మందికి పైగా ఫిట్స్ వచ్చి ఆస్పత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ చెప్పింది. అంతకుముందు మన నీళ్లలో సీసం ఎంతుండేది? ఆ లెక్క కోసం బీరువాలోని ఎనిమిది శాతం రిపోర్టుల్లో దేన్ని గుండెమీద చెయ్యేసుకుని తీసివ్వగలం?

వైవాలో మాత్రం ఏ గొడవా ఉండదు. "సిమిలారిటీ ఎంతమ్మా?" "ఏడు సార్." "వెరీ గుడ్." తర్వాత భోజనాలు. తేదీలూ కొట్టివేతలూ హైపో మరకలూ ఉన్న రఫ్ నోటు తీసి చూపించమనే ఎక్స్‌టర్నల్స్ కూడా అక్కడక్కడా ఉంటారు. వాళ్లని మళ్లీ పిలవరు.