వేరు కాపురాల కంప్యూటర్లు

మావగారి షష్టిపూర్తి వీడియో హాల్లో విండోస్ కంప్యూటర్లో ఉంది. పన్నెండడుగుల అవతల పడగ్గదిలో అమ్మాయి మ్యాక్‌బుక్. వీడియో ఆరు జీబీ. ఈ గదిలోంచి ఆ గదిలోకి చేర్చండి, చూద్దాం. మీ ఇల్లే అనుకోండి, ఇందులో మొహమాటమేం లేదు. ఇప్పుడు ఏ ఇంటికెళ్ళినా ఇదే వరస.

ఒకే వైఫై, ఒకే రౌటరు. రెండింటి చిరునామాలూ 192.168తోనే మొదలు, అంటే ఇంటిపేరు కూడా ఒకటే. అయినా విండోస్‌కి మ్యాక్ ఆనదు. కొత్త వైఫైలో చేరగానే విండోస్ దాన్ని మామూలుగా ‘పబ్లిక్’ అని రాసుకుంటుంది మరి. మీ పడగ్గదీ ఇమ్లీబన్ బస్టాండూ దాని లెక్కలో ఒకటే. బతిమాలి ‘ప్రైవేట్’ అనిపించాక, రోజూ కొట్టే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదంటుంది. ఖాతా తెరిచిన నాటి అసలు పాస్‌వర్డు కావాలట. పెళ్ళిరోజే గుర్తుండని మనిషిని అడగాల్సిన ప్రశ్నేనా అది?

మ్యాక్‌గారిది మరీ మడి. ఫైల్ షేరింగ్ ఆన్ చేస్తే సరిపోదు. లోపలి ఆప్షన్లలో ‘విండోస్ ఫైల్ షేరింగ్’ కింద టిక్కు పెట్టి, మళ్ళీ పాస్‌వర్డు కొట్టాలి. 

పోనీ పెన్‌డ్రైవ్? ఫ్యాట్32 అయితే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. మావగారికి అరవై నిండినా ఆయన వీడియోకి నాలుగు దాటే యోగం లేదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేస్తే మ్యాక్ చదువుతుందే తప్ప తనంతట తాను రాయదు. తింటుంది గానీ వడ్డించదు.

ఈ కంప్యూటర్లకి మాట్లాడుకోవడం చేతకాదనుకునేరు! ఎస్‌ఎంబీ అనే ఉమ్మడి భాష 1980లలోనే ఐబీఎంలో పుట్టింది. మైక్రోసాఫ్ట్ దాన్ని పెంచి, తన యాస పట్టించి, వ్యాకరణం మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. 1990ల మొదట్లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి, తీగల్లో పోయే మాటలు చాటుగా విని ఆ భాష పట్టేశాడు. అలా రాసిన ప్రోగ్రామే సాంబా. ఎస్, ఎం, బీ వరసగా వచ్చే మాట కోసం నిఘంటువు గాలిస్తే దొరికిన పేరు. విండోస్‌కీ లైనక్స్‌కీ మధ్య తిరిగే పెళ్ళిళ్ళ పేరయ్య అన్నమాట, అదీ దక్షిణ తాంబూలాలు లేకుండా.

వ్యాకరణం కోసం మాత్రం పెద్ద పంచాయితీయే జరిగింది. 2004లో ఐరోపా కమిషన్, ఇతర ఆరోపణలతో కలిపి, మైక్రోసాఫ్ట్‌కి 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి బీరువా తెరవమంది. 2007లో కోర్టూ ఔనన్నాక, ఆ డిసెంబరులో సాంబా వాళ్ళు 10,000 యూరోల ఏర్పాటుతో ఆ కాగితాలు చూడగలిగారు.

ఈ పిన్నులూ పాస్‌వర్డులూ అన్నీ భద్రత కోసమే అంటారు. 2017లో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ పాత ఎస్‌ఎంబీ కన్నంలోంచే దూరింది, ఒప్పుకుంటాను. దొంగ పడ్డాక తలుపు బిగించడం సబబే. దొంగ పేరు చెప్పి ఇంటిపిల్లనీ బయటే నిలబెడితేనే కదా పేచీ. 2009లో విండోస్ 7తో ‘హోమ్‌గ్రూప్’ అని ఇంట్లో ఫైళ్ళు పంచుకునే ఏర్పాటొకటి తెచ్చారు, విండోస్ కులస్తులకి మాత్రమే. 2018లో దాన్నీ ఎత్తేశారు. బదులుగా వాడుకోమన్నవాటిలో ఒకటేమిటో తెలుసా? వన్‌డ్రైవ్, అంటే వాళ్ళ క్లౌడే. మన హాలుకీ పడగ్గదికీ మధ్య గోడ ఎందుకు నిలిచి ఉందో ఇప్పుడు తెలిసిందా? గోడ అవతలికి దారి వాళ్ళ పెరట్లోంచి. దానికి అద్దె.

మేడ మీద అబ్బాయి ఉబుంటు లైనక్స్ సంగతి చెప్పనే లేదు. పెద్దక్షరంతో రాసిన ‘ఫొటోస్’, చిన్నక్షరంతో రాసిన ‘ఫొటోస్’ వాడికి రెండు వేర్వేరు ఫోల్డర్లు, విండోస్‌కి ఒకటే. సాంబాకి విడిగా ఇంకో పాస్‌వర్డు. “ఒక్క కమాండే నాన్నా” అంటాడు. రాత్రి పదకొండయినా ఆ ఒక్క కమాండే నడుస్తూ ఉంటుంది.

చివరికి వీడియో క్లౌడెక్కుతుంది. ఎక్కడో ఉన్న సర్వరు దాకా పోయి, పన్నెండడుగుల అవతల దిగాలి. వన్‌డ్రైవ్‌లో ఉచితం 5 జీబీ. ఐక్లౌడ్‌లోనూ అంతే. వీడియో ఆరు కదా, కార్డు నంబరు కొట్టండి.

ఈలోగా సోఫాలోంచి మావగారు: “అల్లుడుగారూ, అదేదో టీవీలో పెట్టెయ్యండి, అందరం చూద్దాం.”

టీవీది ఆండ్రాయిడ్.